క్యారిసీమ దాచిన బూడిద

సోమవారం పొద్దున క్యారిసీమ పదకొండుమంది ఆడవాళ్లని తన పెరట్లో కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పింది.

"ఈసారి గింజకి బూడిద తగలకూడదు. ఒక్క రవ్వ కూడా. మంచినీళ్లలో నానబెట్టండి, మంచినీళ్లలో కడగండి, కొత్త చాప మీద ఆరబెట్టండి. వచ్చే గురువారం కాక ఆ పై గురువారం యూనివర్సిటీ పిల్ల వస్తోంది. పరీక్షకి గాజుగొట్టాలు తెస్తుందట. మన పిండిలో బూడిద కనబడిందంటే ఇంక తలెత్తుకుని తిరగలేం."

"బూడిద లేకుండా మొలకేమిటి, అరిందా తల్లీ? ఉప్పు లేకుండా చిక్కుళ్లు వండినట్టు," అంది కెబిరుంగి. ఆమెది పక్కిల్లే కానీ నోరు మాత్రం ఊరంతటిదీ.

"నిన్నెవరూ తాగమనడం లేదులే. చూడ్డానికి మాత్రమే."

"చూడ్డానికి మాత్రమే అయితే నా ఇంట్లో మొగుడున్నాడుగా."

అందరూ నవ్వారు. క్యారిసీమ నవ్వలేదు. చాపలు లెక్కచూసి, ఎవరి దగ్గర కొత్తది లేదో వాళ్లకి తనది ఇచ్చి పంపింది.

క్యారిసీమ పుట్టింది ఈ ఊరి కొండకి అవతలి వాలులో. ఏడేళ్ల వయసులో తండ్రి ఆమెని మంచె ఎక్కించి చేతికి వడిసెల ఇచ్చాడు. తెల్లజొన్న వేసిన పొలం చెక్క మీద పిట్టలు మబ్బులా దిగేవి. పొద్దుట మంచు విడిచిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా అరిచి అరిచి గొంతు పోయేది. పక్కనే ఎర్రజొన్న చెక్క. దాని మీద వాలిన పిట్ట రెండు గింజలు పొడిచి, ముక్కు రాతికి రుద్దుకుని ఎగిరిపోయేది. ఆ ఏడు తెల్లజొన్నలో పిట్టలు తినగా మిగిలింది బూజు పట్టింది. ఎర్రజొన్న ఒక్కటే ఇంటికి చేరింది. పచ్చిగింజ నమిలి చూస్తే నాలుక, బుగ్గలు ఒకదానికొకటి అంటుకుపోయినట్టు వగరు. "పిట్టకి లేని తెలివి మనిషికుండాలి, దాన్ని తినేలా చేసుకోవాలి," అనేవాడు తండ్రి. ఎలా చేసుకోవాలో ఆయనకి తెలీదు. అది ఆడవాళ్ల పని.

పద్దెనిమిదో ఏట న్యారుహంగ ఊరికి కోడలిగా వచ్చాక అత్త నేర్పింది. ఎండిన చిక్కుడుతీగలూ కట్టెలూ కాల్చిన పొయ్యి బూడిద మాత్రమే పనికొస్తుంది. జల్లెడ పట్టాలి. నీళ్లలో కలిపితే ఆ నీళ్లు వేళ్ల మధ్య జారాలి, సబ్బులా కాదు, చేపలా. ఆ నీళ్లలో ఎర్రజొన్న ఒక రాత్రీ ఒక పగలూ నానాలి. వడగట్టి, బూడిద అంటుకున్న గింజని అరిటాకులు పరిచిన గంపలో మొలకకి కట్టాలి. నాలుగో నాడు తెల్లటి మొలకలు గంప మూతని ఎత్తేస్తాయి. ఎండబెట్టి, రెండు చేతుల మధ్య రాసి, చేటతో చెరిగితే బూడిదా మొలకతోకలూ పోతాయి. విసిరితే పిండి. ఉడికించిన జావలో ఆ పిండి కలిపి ఒక్కరోజు ఉంచితే పిల్లలకి తియ్యటి అంబలి. ఇంకో మూడు రోజులు ఉంచితే పెద్దవాళ్లు పాటలు పాడతారు.

మొదటిసారి చేసినప్పుడు బూడిద తక్కువేసింది. గింజలు సగం మొలిచాయి. అత్త ఆ అంబలిని వారం పాటు ఆమెకే పోసింది, అంతే. తర్వాత ఆమె చేయి తప్పలేదు. పెద్దబిడ్డ అరిందా మొదలు నలుగురు పిల్లలూ ఆ అంబలి మీదే నడకలు నేర్చారు. ఆ కొండ మీద ఎవరింట్లో పసిబిడ్డకి ఆరో నెల వచ్చినా పిండికుండ చంకన పెట్టుకుని క్యారిసీమ గుమ్మంలో నిలబడేది. పిలుపు అక్కర్లేదు. రోగిష్టి మనిషిని బుట్టలో కూర్చోబెట్టి మగవాళ్లు భుజాల మీద కొండ దించుతుంటే వెనకే దారి పొడుగునా అంబలి పట్టుకెళ్లేదీ ఆమే.

పదేళ్ల కిందట ఒక పొద్దున ఇంటి ముందు బాట పక్కన చాప మీద గింజ ఆరబోసింది. బూడిద పూతతో గింజలు నెరిసిన జుట్టు రంగులో ఉన్నాయి. పరిశుభ్రత చూసే ఉద్యోగి ఒకడు రబ్బరు బూట్లతో వచ్చి ఆగాడు.

"పందులకా ఇది?"

"పిల్లలకి, అయ్యా."

"పిల్లలకి మట్టి తినిపిస్తున్నావా?"

చాప కొస పట్టుకుని మొత్తం కాలవలోకి తిరగేశాడు. పేరు అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. అందరూ చూశారు. ఆ రోజు నుంచి ఊళ్లో బూడిదగింజ ఇంటి వెనక్కి వెళ్లిపోయింది. ముందు చాపల మీద కడిగిన గింజ, వెనక చాపల మీద తినే గింజ. మరుసటి ఏడు ఆరోగ్యకేంద్రంలో బలహీనంగా ఉన్న పిల్లలకి అంబలి పోసే పథకం మొదలైతే పిండి ఇచ్చే ఆడవాళ్లకి క్యారిసీమే పెద్ద అయ్యింది. ఆ పిండిని ఎలా చేస్తున్నారో కేంద్రంలో ఎవరూ అడగలేదు. వీళ్లు చెప్పలేదు.

ఇప్పుడు నర్సు సిస్టర్ జెనినా కబురు పంపింది. ఈ కొండల్లో చాలామంది పిల్లల రక్తం పలచగా ఉందట. ఎర్రజొన్న పిండిలో రక్తానికి అడ్డుపడేది ఏదైనా ఉందేమో పరీక్షిస్తారట. ఉంటే ఎర్రజొన్న పథకం జాబితాలోంచి పోతుంది, కింది జిల్లాల నుంచి మొక్కజొన్న పిండి లారీలో వస్తుంది.

అడ్డుపడేది ఏదైనా. ఆ మాట విన్న క్షణం నుంచీ క్యారిసీమకి కళ్ల ముందు బూడిదే కనబడింది. ఇంకేముంటుంది ఆ పిండిలో?

*

గురువారం ఆరోగ్యకేంద్రం హాలు తల్లులతో, చంటిపిల్లలతో కిక్కిరిసింది. పరీక్ష చేసే అమ్మాయి పేరు ఒరిషాబ. సన్నగా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎవరివో అరువు బూట్లు వేసుకుని వచ్చింది. ఆమె యాసలో పశువుల సీమ పలుకు వినగానే కెబిరుంగికి నోరు దురద పెట్టింది.

"పాలు తాగి పెరిగిన పిల్ల మన జొన్న సంగతి ఏం చెబుతుందమ్మా?"

"మా అమ్మ ఈ కొండ పిల్లే, అత్తా. పాలు తాగింది మా నాన్న," అంది ఒరిషాబ తల ఎత్తకుండా.

హాలంతా నవ్వింది. కెబిరుంగి బెంచీ మీద పక్కకి జరిగి ఆ అమ్మాయికి చోటిచ్చింది.

పన్నెండు గాజుగొట్టాలు చెక్కదిమ్మలో వరసగా నిలబెట్టారు. ఒక్కొక్క దాన్లో ఒక్కొక్కరి పిండి కొంచెం వేసి, మందువాసన వచ్చే ద్రవం పోసి కుదిపి, తేరుకోనిచ్చింది. పైన తేటని వేరే గొట్టాల్లోకి తీసింది. పిల్లలు మోకాళ్ల మీద పాకి బల్ల చుట్టూ చేరారు.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది క్యారిసీమ.

"ఫినాల్ జాతి పదార్థాలు, పెద్దమ్మా. మొక్కలు తమని కాపాడుకోడానికి చేసుకునేవి. టీలో ఉంటాయి, కాఫీలో ఉంటాయి, పళ్లలో ఉంటాయి. వేల రకాలు."

"ఫినాల్ అంటే సిస్టర్ నేల కడిగే ఫినాయిల్ లాంటిదా? మా జొన్నకీ దానికీ చుట్టరికమా?"

"దూరపు చుట్టాలు. ఒకే ఇంటిపేరు, గుణాలు వేరు. కొన్ని ఒంటికి మేలు చేస్తాయని అంటున్నారు, వాటి మీద పరిశోధన జరుగుతోంది. కొన్ని కీడు. అది ఎంత ఉంది, ఏ రకం అనేదాని బట్టి."

పసుపుపచ్చటి నీళ్లు చిన్న గొట్టంలోకి పీల్చి మొదటి దాంట్లో ఒక చుక్క వేసింది. అది క్యారిసీమ పిండి. చుక్క పడ్డ చోట నీలం మెరిసి, పొగలా కిందికి దిగి, చూస్తుండగానే గొట్టమంతా సిరా అయిపోయింది.

పిల్లలు కేరింతలు కొట్టారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రెండోదీ నలుపే, మూడోదీ నలుపే. పన్నెండూ నల్లబడేసరికి హాలు పెళ్లిల్లులా ఉంది. ఏదో గెలిచామనే అనుకున్నారు అందరూ. ఒరిషాబ మాత్రం చెయ్యి కిందికి దించేసింది.

"ఏమైంది?" అంది సిస్టర్ జెనినా.

"నేను వేసింది ఇనుము ఉన్న నీళ్లు. గింజలో వగరు ఉంటుందే, అది ఇనుముని పట్టుకుంటే ఈ రంగు వస్తుంది. ఇక్కడ గొట్టంలో పట్టుకున్నట్టే పిల్లల కడుపులోనూ పట్టుకుంటుంది. తిన్న ఇనుము రక్తంలోకి చేరకుండానే బయటికి పోతుంది. ఇంత నలుపు నేను ఎక్కడా చూడలేదు."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సిస్టర్ కలం తీసింది. "నాలుగింటికి జిల్లా బండి వస్తుంది. జాబితా దాంతో పంపాలి. నాకూ ఇష్టం లేదు, అరిందా తల్లీ. కానీ కళ్ల ముందు కనబడుతోందిగా."

క్యారిసీమ ఆ గొట్టాల వంక చూస్తూ ఉండిపోయింది. మొక్కజొన్న వస్తే రానీ. పథకం పోతే పోనీ. ఎన్ని ఇళ్ల గుమ్మాల్లో నిలబడింది తను పిలవకుండా. ఎన్ని నోళ్లలో తన చేత్తో పోసింది. వాళ్ల ఒంట్లోంచి ఇనుము దొంగిలించే దొంగని తనే కుండలో పెట్టి ఇంటింటికీ మోసిందా?

"ఇన్నేళ్లూ నేను పెట్టింది ఇదేనా?" అంది.

"మీ తప్పు కాదు, పెద్దమ్మా. మీకు తెలీదుగా," అంది ఒరిషాబ.

మిగిలిన పిండి పొట్లంలోంచి కెబిరుంగి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. మొహం ముడుచుకుపోయింది. "నాలుక ఎండబెట్టిన గొడ్డుతోలులా బిగుసుకుపోయింది. ఇదా మనం పిల్లలకి..." అని క్యారిసీమ వంక చూసి, పుట్టిన తర్వాత మొదటిసారి మాట మధ్యలో నోరు మూసుకుంది.

క్యారిసీమ కూడా చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. చూడ్డానికని చేసిన పిండిని ఇంతవరకూ రుచి చూడనే లేదు. బుగ్గలు లోపలికి లాగేశాయి. ఇది తన అంబలి రుచి కాదు. మంచె మీద కూర్చుని నమిలిన పచ్చిగింజ రుచి. పిట్టలు ముక్కు తుడుచుకున్న రుచి.

ఈ వగరు తమ ఇంటి పిండిలో ఉండదు. ఎందుకు ఉండదు?

బూడిదనీళ్ల వల్లే. చెబితే సిస్టర్ మొహం ఎలా ఉంటుందో తెలుసు. కాలవలోకి జారిన గింజలూ తెలుసు. పదకొండుమంది ఆమె వైపే చూస్తున్నారు. వద్దని తల ఊపుతున్నవాళ్లే ఎక్కువ.

"సిస్టర్, కలం దించు," అంది లేచి. "ఇది మా పిండి కాదు."

"నీ పేరు రాసిన పొట్లమే కదా?"

"నేనే చేశాను. కానీ పిల్లలకి పెట్టేది ఇది కాదు. వీళ్లందరికీ నేనే చెప్పి చేయించాను, వాళ్లని ఏమీ అనకు. మేం గింజని బూడిదనీళ్లలో నానబెడతాం. ఎప్పుడూ అంతే. మీరు చూస్తే అసహ్యించుకుంటారని ఈసారి కడిగిన గింజ ఇచ్చాం."

"తొమ్మిదేళ్లుగా నా పిల్లలకి బూడిద పెడుతున్నావా?" సిస్టర్ గొంతు పైకి లేచింది. "నాతో ఒక్క మాట..."

"ఆగండి సిస్టర్, ఒక్క నిమిషం." ఒరిషాబ అప్పటికే లేచి నిలబడింది. పుస్తకం తెరవబోయి కింద పడేసింది. కలం బల్ల కిందికి దొర్లిపోయింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. "ఏ బూడిద? ఎంతసేపు? తర్వాత కడుగుతారా? నానినప్పుడు నీళ్ల రంగు మారుతుందా?"

"మారకేం? ఎర్రగా, చిక్కటి టీలా దిగుతుంది. పారబోస్తాం."

"పారబోస్తారా," అంది ఒరిషాబ. ఏదో పండుగ కబురు విన్నట్టు ఉంది ఆ అనడం. "బూడిదలో క్షారం ఉంటుంది. క్షారం వగరుని పట్టుకుని లాగుతుంది. చదువుకున్నాను, ఎప్పుడూ చూడలేదు. పెద్దమ్మా, ఆ గింజ ఇప్పుడు ఉందా?"

"ఇంట్లో ఉంది. కొండ మీద."

గోడగడియారం రెండుంబావు చూపిస్తోంది.

క్యారిసీమకి యాభై ఆరేళ్లు. ఆ మధ్యాహ్నం ఎవరూ నమ్మరు ఆ మాట. కొంగు నడుముకి బిగించి, చెప్పులు చేత పట్టుకుని మెట్టు చెక్కల మీదుగా అడ్డదారిన ఎక్కింది. వెనక ఇంకో నలుగురు, ఎవరింటికి వాళ్లు. బంగాళాదుంపల మళ్లలో పనిచేస్తున్నవాళ్లు గునపాలు ఆపి చూశారు. ఎవరో చనిపోయారనుకున్నారు కొందరు. కానీ చావుకి వెళ్లేవాళ్లు అలా నవ్వుతూ ఒగర్చరు.

ఆమె భర్త కరేక్యేజి అరుగు మీద బుట్ట అల్లుకుంటున్నాడు.

"ఇల్లు కాలుతోందా?"

"పరీక్ష."

"పొద్దునే అయిపోతుందన్నావుగా?"

"తప్పు గింజ పరీక్షకి కూర్చుంది. అడ్డం లే."

పిండికుండ, పక్కన బుట్టలో ఇంకా విసరని మొలకగింజ, చేతికి దొరికిన గిన్నెలో పొయ్యి బూడిద. మూడూ గుడ్డలో మూటకట్టి నెత్తిన పెట్టుకుంది. దిగేటప్పుడు సన్నటి వాన మొదలైంది. ఎర్రమట్టి జారుతోంది. రెండుసార్లు కూలబడింది. రెండుసార్లూ రెండు చేతులూ మూట మీదే ఉన్నాయి.

కేంద్రం ముందు జిల్లా బండి అప్పటికే వచ్చి హారను మోగిస్తోంది. కానీ కదలడం లేదు. దాని ముందు చక్రాల దగ్గర కెబిరుంగి గంపలోంచి బంగాళాదుంపలు ఒలికిపోయి ఉన్నాయి. ఆమె ఒక్కొక్కటే తీసి, తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి గంపలో వేస్తోంది.

"అమ్మా, కొంచెం తొందరగా," అంటున్నాడు డ్రైవరు.

"వయసు, నాయనా. నడుం వంగదు. నువ్వు దిగి తీస్తే తీయి. లేకపోతే మీ అమ్మని తలుచుకుని కూర్చో."

ఒరిషాబ తడిసిన మూట విప్పింది. కొత్త గొట్టాలు, కొత్త తేట. ముందు క్షారం తగిలితే రంగు మారే కాగితం ముక్క ముంచి, మిగిలిన బూడిద ఉప్పు ఏదైనా పరీక్షని పాడుచేస్తుందేమో చూసుకుంది. పాడుచేయదని తల ఊపింది. సిస్టర్ జెనినా చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు బల్ల మీదికి వంగారు. చుక్క గొట్టం కొసన వేలాడింది.

పడింది.

క్యారిసీమ కళ్లు మూసుకోలేదు. మూసుకోవాలనిపించింది కానీ రెప్పలు వాలలేదు. నీలం ఒక్క క్షణం లీలగా మెదిలి, కలిసిపోయింది. తేట పల్చటి ఆకుపచ్చలో ఆగింది, చిగురాకుని నీళ్లలో నలిపినట్టు. ఎంతసేపు చూసినా అంతే.

"ఇంకోటి," అంది సిస్టర్, కిటికీ దగ్గర్నుంచి కదిలి వచ్చి.

ఇంకోటీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది కాస్త ముదిరింది. ఆ పిండి తెచ్చినావిడ వైపు అందరూ తిరిగారు.

"బూడిద దగ్గర కూడా పిసినారితనమేనా?" అంది తలుపులోంచి కెబిరుంగి. ఆ పిండి ఆవిడ మీద ఉన్న చూపులన్నీ నవ్వులుగా మారిపోయాయి. పాపం ఆవిడా నవ్వేసింది.

ఒరిషాబ కడిగిన పిండి గొట్టాన్ని, బూడిదపిండి గొట్టాన్ని పక్కపక్కన వెలుతురుకి ఎత్తిపట్టింది. ఒకటి సిరా, ఒకటి చిగురు. "ఇది కంటితో చూసే పరీక్ష మాత్రమే, సిస్టర్. లెక్క ప్రయోగశాలలో తేలాలి. వగరు పూర్తిగా పోలేదు, పోనక్కర్లేదు కూడా. పిల్లల రక్తం పలచబడ్డానికి మలేరియా ఉంది, నులిపురుగులు ఉన్నాయి, అవీ చూడాలి. కానీ ఈ అంబలిదే తప్పు అనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఇంకా చెప్పాలంటే..." మాట అక్కడే వదిలేసి క్యారిసీమని రెండు చేతులా చుట్టేసుకుంది. తడిబట్టలు, మట్టి, బూడిద అన్నీ ఆ అమ్మాయి తెల్లకోటుకి అంటుకున్నాయి.

సిస్టర్ జెనినా జాబితా కాగితం విప్పింది. ఎర్రజొన్న మీద గీసిన గీత ఇంకా సగమే ఉంది. ఆ గీతని కొట్టేసి, పక్కన 'బూడిదనీళ్లలో నానబెట్టినది' అని రాసి సంతకం చేసింది. కాగితం డ్రైవరుకి ఇస్తూ, "నాతో చెప్పి ఉండాల్సింది," అంది, క్యారిసీమ వైపు చూడకుండా.

"చెబితే వినేదానివా?"

"ఆ రోజుల్లో వినేదాన్ని కాదు," అని సిస్టర్ ఒప్పుకుంది.

మూడు వారాల తర్వాత ప్రయోగశాల లెక్కలు వచ్చి అదే మాట అంకెల్లో చెప్పాయి. ఆ సాయంత్రానికి మాత్రం ఎవరికీ అంకెలు అక్కర్లేకపోయింది. ఒక్క ఒరిషాబకి తప్ప.

"చివరిగా ఒక్కటి చెప్పండి, పెద్దమ్మా. బుట్టెడు గింజకి ఎంత బూడిద?"

"నాలుగు గుప్పిళ్లు."

"గుప్పెడంటే ఎంత?"

"గుప్పెడంటే గుప్పెడే."

ఒరిషాబ చిన్న తూకంయంత్రం బల్ల మీద పెట్టింది. క్యారిసీమ గిన్నెలోంచి గుప్పెడు బూడిద తీసి దాని మీద పోసింది. ఒరిషాబ రాసుకుంది. రెండో గుప్పెడు దానికి సగమే తూగింది. మూడోది బల్ల నిండా, నేల నిండా పడింది.

"మీ చేయి ఎప్పుడూ తప్పదన్నారే అందరూ?"

క్యారిసీమ అరచేయి చూసుకుంది. వేళ్లు ఒకచోట నిలవడం లేదు. నవ్వు ఆపుకుందామని పెదవి కొరుక్కుంటే భుజాలు ఊగుతున్నాయి.

"రేపు రా అమ్మా," అంది. "ఇవాళ ఈ చెయ్యి నా మాట వినదు."